తారాబాయి నమోదిత నేత్రం

ఒక విభాగం ఎంత అభివృద్ధి చెందిందో తెలుసుకోవాలంటే అది చేసిన పనులు లెక్కపెట్టనక్కర్లేదు. తాను చేయవలసిన పనిని ఎంతమంది ఇళ్ళకు పంపగలిగిందో లెక్కపెట్టాలి. ఈ కొలతతో చూస్తే విశ్రాంత శ్రామిక వైద్య సదుపాయాల సమన్వయ విభాగం బహుశా మానవజాతి చరిత్రలోనే అగ్రస్థానంలో ఉంటుంది. ఆ విభాగానికి ఇప్పుడు పనంటూ ఏదీ మిగల్లేదు. ఉన్నదంతా పర్యవేక్షణే.

పాతకాలంలో, అంటే మూడేళ్ళ కిందట, బెల్లంపల్లిలో ఈ విభాగానికి ఒక కిటికీ ఉండేది. కిటికీ వెనక పరశురాములు అనే గుమాస్తా ఉండేవాడు. రిటైరైన కార్మికుడో, అతని భార్యో వచ్చి నిలబడితే ముఖంలోకి ఒకసారి చూసి, "ఏం తారవ్వా, మంచిగున్నవా" అని అడిగి, వైద్య కార్డు మీద ముద్ర గుద్దేవాడు. పందొమ్మిదేళ్ళలో అతను ఒక్కసారి కూడా క్రాష్ కాలేదు (మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా స్పందించేవాడు కాదు గానీ, దానికి కారణం ఊరందరికీ తెలుసు: పప్పన్నం). అయితే ఈ పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉన్నదని విభాగం కనిపెట్టింది. పరశురాములు మనుషులను గుర్తుపడుతున్నాడు. గుర్తుపట్టడం వ్యక్తిగత అభిప్రాయం కిందికి వస్తుంది. అందుకని ఆ కిటికీని ఇటుకలతో మూసేసి, దాని స్థానంలో 'నేత్రసాక్షి' అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రవేశపెట్టారు. దాని నినాదం "చూస్తే చాలు".

నేత్రసాక్షి నిబంధనలు తేలికైనవి. దరఖాస్తుదారు తన ఇంట్లో, తన కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించుకుని, కెమెరా ముందు కూర్చుని, కన్ను చూపించాలి. ఫోనులో కుదరదు, చేయి వణుకుతుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో అసలే కుదరదు, దళారులు ఉంటారు (నిబంధన పద్నాలుగు). ఇంట్లో కంప్యూటర్ లేనివారు ఏం చేయాలన్న ప్రశ్నకు నిబంధన పదిహేను స్పష్టమైన సమాధానం ఇస్తుంది: అటువంటివారు నిబంధన పద్నాలుగును మరొకసారి చదువుకోవలెను. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అనే సామెతను చట్టరూపంలో చూడాలనుకునేవారు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

బుచ్చిరాములు ఇంట్లో మాత్రం కంప్యూటర్ ఉంది. జమ్మికుంటలో టీచరుగా పనిచేస్తున్న కూతురు వందన కొత్తది కొనుక్కుని పాతది తల్లిదండ్రులకు ఇచ్చింది. ప్రతి ఆదివారం అందులో కూతురు కనిపించేది. కనిపించేది అంటే బుచ్చిరాములుకే. అతని భార్య తారాబాయి తెర వైపు కాకుండా, మాట వచ్చే డబ్బా వైపు తిరిగి కూర్చుని మాట్లాడేది.

తారాబాయికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆమె వాటిని మోతిబిందు అంటుంది. కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది, ఎడమ కంటిలో వెలుతురు, చీకటి, మనిషి నీడ మిగిలాయి. అయినా ఆమె జొన్నరొట్టెలు చేసేది, బియ్యంలో రాళ్ళు వేళ్ళతో ఏరేది. ఒక్క గ్యాస్ పొయ్యి దగ్గరే చిక్కు వచ్చింది. నీలం మంట ఆమెకు కనిపించడం మానేసింది. పొయ్యి ఆరిపోయిందనుకుని పెనం దించి, గుడ్డతో తుడవబోయి, అరచేయి మొత్తం మంట మీద పెట్టింది.

"ఇల్లంత నాకు ఎరుకే. గా నీలం మంట ఒక్కటే నన్ను మోసం చేస్తుంది," అంది చేతికి కట్టు కట్టించుకుంటూ.

పెద్దాసుపత్రి డాక్టరు పద్దెనిమిదో తేదీన ఆపరేషన్ చేస్తానన్నాడు. పొర బాగా ముదిరింది, లోపల పగిలితే చూపు మళ్ళీ రాదు, ఈ తేదీ తప్పితే ఇంకొకటి దొరకడానికి ఆరు నెలలు పడుతుంది అని కూడా చెప్పాడు. కావలసిందల్లా ఒకటే. ఆలోపు వైద్య కార్డు పునరుద్ధరణ కావాలి. బుచ్చిరాములు కార్డును జేబులో పెట్టుకుని అలవాటుగా కిటికీ దగ్గరికి పోయి, ఇటుకలను కాసేపు చూసి, ఇంటికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఇక్కడ బుచ్చిరాములు గురించి కొంత చెప్పాలి. అతను ముప్పై నాలుగేళ్ళు బొగ్గు బాయిలో పనిచేశాడు. అందులో చివరి పదహారేళ్ళు మైనింగ్ సర్దార్. షిఫ్టు కార్మికులు బాయిలోకి దిగే ముందు సర్దార్ ఒక్కడే లోపలికి పోయి, చేతిలో సేఫ్టీ దీపం ఎత్తి, దాని మంటను చూడాలి. మంట చుట్టూ నీలం అంచు కనిపిస్తే అక్కడ మండే వాయువు ఉన్నట్టు. ఇక మాటల్లేవు. అందరూ బయటికి. కారణం కనుక్కుని, పుస్తకంలో రాసి, సంతకం పెట్టేదాకా ఒక్క మనిషి లోపలికి పోకూడదు. అతని షిఫ్టులో పదహారేళ్ళలో ఒక్క ప్రాణం పోలేదు. దీన్ని గుర్తించి పైవాళ్ళు అతనికి స్టీలు టిఫిన్ డబ్బా ఒకటి బహూకరించారు. మూత సరిగ్గా పట్టదు.

నేత్రసాక్షి నాలుగో వెర్షన్ కంప్యూటర్‌లోకి ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. అరవై నాలుగు పేజీల షరతులకు ఒప్పుకున్నాక "ఇప్పుడు మీ కన్ను చూపండి" అన్న అక్షరాలు వచ్చాయి. తారాబాయి తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుని, భర్త చెప్పిన వైపు ముఖం ముందుకు వంచింది. కెమెరా దగ్గర చిన్న దీపం వెలిగింది. మరుక్షణం తెర మొత్తం నీలం అయిపోయింది.

బుచ్చిరాములు చటుక్కున లేచాడు.

"లే తారా. బయటికి నడువు."

"ఏమైంది?"

"నీలం వచ్చింది."

సర్దార్ భార్య రెండో ప్రశ్న వేయదు. చెప్పులు కూడా వేసుకోకుండా గోడ పట్టుకుని వాకిట్లోకి పోయి నిలబడింది. బుచ్చిరాములు ప్లగ్గు పీకాడు. కిటికీలు, తలుపులు తెరిచాడు. గ్యాస్ సిలిండర్ కట్టేశాడు. కంప్యూటర్ మీద ఎర్ర తువ్వాల వేలాడదీశాడు. తర్వాత వందన చిన్నప్పటి నోటుబుక్కు ఒకటి వెతికి అందులో రాశాడు: "ఉదయం షిఫ్టు. పది నలభై. తెర నీలం. మనుషులంతా క్షేమం. కారణం తెలియదు." కింద సంతకం పెట్టాడు. ఒక సాఫ్ట్‌వేర్ కూలినప్పుడు ఇంత బాధ్యతగా ప్రవర్తించిన మనిషి ఈ మొత్తం వ్యవహారంలో ఇతనొక్కడే. దాన్ని తయారుచేసినవాళ్ళు ఆ రోజు పిక్నిక్‌లో ఉన్నారు.

సహాయ కేంద్రంలో మూడు శ్రేణులు ఉన్నాయి. మొదటి శ్రేణి విచారం వ్యక్తం చేస్తుంది. రెండో శ్రేణి, మొదటి శ్రేణి వల్ల కలిగిన ఆలస్యానికి విచారం వ్యక్తం చేస్తుంది. మూడో శ్రేణికి మాత్రం పరిష్కారం చెప్పే అధికారం ఉంటుంది. ఆ పరిష్కారం ఒక్కటే కాబట్టి అధికార దుర్వినియోగానికి తావు లేదు. "మీ కాల్ మాకు అత్యంత ముఖ్యమైనది" అన్న మాట నలభై నిమిషాలు విన్నాక బుచ్చిరాములుకు మూడో శ్రేణి పరిష్కార అధికారి మమతారాణి దొరికింది.

"సర్, సిస్టమ్‌ను ఒకసారి ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయండి," అంది మమతారాణి.

"ఎందుకు పడ్డదో ఎరుకైందా బిడ్డా?"

"ఆన్ చేస్తే సరిపోతుంది సర్."

"ఎరుక కాకుంట ఎట్ల ఆన్ చేస్త? కారణం దొరకంది మేం ఒక్కన్ని గూడ లోపలికి పంపకపోదుము."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. "సర్, మా ఫారంలో కారణం అనే గడి లేదు," అంది ఆమె చివరికి. ఆ గొంతులో ఎకసెక్కం లేదు. ఫారంలో ఆ గడి నిజంగానే లేదు.

పద్దెనిమిదో తేదీకి ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. బుచ్చిరాములు జీవితంలో మొదటిసారి కారణం తెలియకుండా ఆగిన యంత్రాన్ని మళ్ళీ నడిపించాడు. మళ్ళీ నీలం. మమతారాణి వైరస్‌ను ఆపే సాఫ్ట్‌వేర్ తీసేయమంది (నేత్రసాక్షి పక్కన మరొక కాపలా ఉండటాన్ని అవమానంగా భావిస్తుందట). తీసేశాడు. నీలం. క్యాలెండర్ తీసేయమంది. నీలం. ఫొటోలు ఎక్కువైతే బరువు పెరుగుతుందని, ఉన్నవన్నీ తీసేయమంది. అందులో వందన పెళ్ళి ఫొటోలు ఉన్నాయి. బుచ్చిరాములు చేయి ఆగిపోయింది.

"తీసెయ్యి వందన బాపు," అంది తారాబాయి. "నాకైతే ఎట్లాగూ కనవడయి. కండ్లొచ్చినంక బిడ్డ తాన అడిగి మళ్ళ ఏసుకుందాం."

ఫొటోలు పోయాయి. నీలం మాత్రం పోలేదు. ప్రతిసారీ తారాబాయి వాకిట్లోకి పోయి నిలబడేది, ప్రతిసారీ నోటుబుక్కులో ఒక వరుస పెరిగేది. నాలుగోసారికి ఆమె కుర్చీలో కూర్చునే ముందే చెప్పులు వేసుకుంది.

ఇక లాభం లేదని బుచ్చిరాములు కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఆటోలో బజారుకు తీసుకుపోయాడు. అక్కడ అంబదాస్ అనే అతనికి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. అంబదాస్ మూత విప్పి, లోపలికి ఊది, దగ్గి, తల ఊపాడు.

"ర్యామ్ కమ్మీ పడ్డది కాకా. గీ సాఫ్ట్‌వేర్ మస్తు తింటది."

కొత్త ర్యామ్ వేశాడు. నేత్రసాక్షి తెరిచాడు. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా అది దుకాణంలో బుద్ధిగా నడిచింది. "ఇప్పుడు మీ కన్ను చూపండి" అంటూ ఆరు గంటలు ఓపికగా ఎదురుచూసింది. దుకాణంలో కన్ను చూపడం నిబంధన పద్నాలుగుకు విరుద్ధం కాబట్టి ఎవరూ చూపలేదు.

"మా తాన మంచిగనే నడిచింది. ఫికర్ చెయ్యకు," అన్నాడు అంబదాస్. యంత్రాలు బాగుచేసేవాళ్ళు ఈ మాట అన్నారంటే ఇంటికి పోయాక నడవదని అర్థం. నడవలేదు.

అప్పుడు బుచ్చిరాములు సహాయ కేంద్రాన్ని నమ్మడం మానేసి తన పని తాను మొదలుపెట్టాడు. బాయిలో గాలి చెడితే ఎక్కడ చెడిందో ఒక్కొక్క దారి మూసుకుంటూ కనుక్కోవాలి. అదే యంత్రం. అదే సాఫ్ట్‌వేర్. దుకాణంలో నడిచింది, ఇంట్లో పడిపోతుంది. దుకాణంలో లేనిది ఇంట్లో ఏముంది? గదంతా కలియజూశాడు. మంచం మీద కూర్చుని తారాబాయి కొత్తిమీర ఆకులు తడుముతూ తుంచుతోంది.

వచ్చిన జవాబు అతనికి నచ్చలేదు. అయినా పరీక్ష పరీక్షే. కంప్యూటర్ తెరిచి గంటసేపు ఎవరూ ముందు కూర్చోకుండా ఉంచాడు. పడలేదు. తారాబాయిని పిలిచి ముఖం చూపించమన్నాడు. పడింది. మళ్ళీ ఒకసారి. పడింది. "నేను చూస్తెనే పడ్తున్నదా?" అని అడిగింది తారాబాయి. అతను నోటుబుక్కులో ఇంకో వరుస రాశాడు. ఆమె చెప్పులు వెతుక్కుంటూ వాకిట్లోకి పోయింది.

ఆ తర్వాత అతను చేసినదాన్ని సర్దార్ తప్ప మరెవరూ చేయరు. అనుమానం ఉన్న చోటికి వేరేవాళ్ళను పంపేముందు తాను పోవాలి. పదహారేళ్ళు అలాగే పోయాడు. కెమెరాలో లోపం ఉందా, కన్ను చూపే దగ్గర లోపం ఉందా తేల్చడానికి కుర్చీలో కూర్చుని తన కన్నును ముందుకు పెట్టాడు. అరవై తొమ్మిదేళ్ళు వచ్చినా అతని చూపు చెక్కుచెదరలేదు. సగం జీవితం చీకట్లో దాచిపెట్టినందుకో ఏమో.

తెర ఆకుపచ్చగా మారింది. గంట మోగినట్టు చిన్న సంగీతం కూడా వచ్చింది.

"ఏమన్నది?" తారాబాయి వాకిట్లోంచి అడిగింది.

"ధన్యవాదాలు తారాబాయి గారూ," అని చదివాడు బుచ్చిరాములు. "మీ కన్ను విజయవంతంగా నమోదైనది. మీ వైద్య కార్డు పునరుద్ధరించబడినది."

"అయితె పద్దెనిమిదికి పోవుడే ఇగ." ఆమె గొంతులో ఎన్నో నెలల తర్వాత సంతోషం వినిపించింది. "వందనకు ఫోన్ చెయ్యి, వస్తదేమో."

తెర మీద రెండో పేజీ తెరుచుకుంది. దాన్ని అతను పైకి చదవలేదు. "నేత్రసాక్షి స్వయంపరిశీలనలో మీ కన్ను నిర్మలంగా, పూర్తి చూపుతో ఉన్నట్లు తేలినది. కావున మీకు ఆపరేషన్ అవసరం లేదు. పద్దెనిమిదో తేదీన మీకు కేటాయించిన స్థానం రద్దు చేయబడినది. ఆరోగ్యంగా ఉన్నందుకు అభినందనలు." కింద ఐదు నక్షత్రాలు ఉన్నాయి, సేవ ఎలా ఉందో చెప్పమని.

బుచ్చిరాములు నక్షత్రాల జోలికి పోలేదు. పదహారేళ్ళలో తన షిఫ్టులో ఒక్క మనిషికి దెబ్బ తగలనివ్వలేదు. నోటుబుక్కు తీసి, "కారణం తెలిసింది" అని రాశాడు. కొంచెం ఆగి, "నేనే" అని రాసి సంతకం పెట్టాడు.

మరునాడు ఫోనులో మమతారాణి, తప్పు సరిచేయడానికి 'నేత్ర సవరణ పత్రం' ఉన్నదని చెప్పింది. ఆ పత్రాన్ని నేత్రసాక్షిలోనే నింపాలి. నింపినవారు తారాబాయేనని నమోదైన కన్నుతో నిర్ధారించాలి. అంటే, ఈ కన్ను తారాబాయిది కాదని బుచ్చిరాములు తారాబాయి తరఫున తన కన్నుతో ప్రమాణం చేయాలి. చేశాడు. సాఫ్ట్‌వేర్ ఒక్క క్షణం ఆలోచించి, "కన్ను సరిపోలినది. సవరణ అవసరం లేదు" అంది.

"సర్, మీ అసౌకర్యానికి విచారిస్తున్నాం," అని మొదలుపెట్టిన మమతారాణి ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. "పెద్దబాపూ, మాది చొప్పదండి. మా అమ్మమ్మకు గూడ గిట్లనే అయింది. మసక కండ్లు చూపెడితె గది పడిపోతది. మంచి కండ్లు చూపెడితె ఆపరేషన్ వద్దంటది. మీ తప్పేం లేదు."

"మరి ఇప్పటిదాక ఎవలకన్న అయిందా బిడ్డా, ఆపరేషన్?"

అవతల ఎవరో నడిచివచ్చిన అడుగుల చప్పుడు. "మీ కాల్ మాకు అత్యంత ముఖ్యమైనది సర్," అంది మమతారాణి మామూలు గొంతుతో, కొంచెం గట్టిగా.

బుచ్చిరాములు నోటుబుక్కు తీసి "నేనే" అన్న మాట కొట్టేశాడు.

(మమతారాణి చెప్పలేకపోయిన సంఖ్యను విభాగం తన వార్షిక నివేదికలోనే గర్వంగా ప్రకటించింది. నేత్రసాక్షి వచ్చాక ఈ ప్రాంతంలో అర్హమైన శుక్లాల కేసులు సున్నాకు చేరాయి. డాక్టర్లు, మందులు లేకుండా ఒక జబ్బును తుడిచిపెట్టినందుకు విభాగం తనకు తాను ఒక పురస్కారం ఇచ్చుకుంది. గుడ్డికన్నా మెల్ల నయమని పెద్దలు అన్నారు గానీ, విభాగం పరిధిలో ఇప్పుడు గుడ్డీ లేదు, మెల్లా లేదు.)

పదహారో తేదీన భార్యాభర్తలు ఇద్దరూ బస్సెక్కి విభాగం కార్యాలయానికి పోయారు. ఉప సంచాలకుడు నాగరాజు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. తారాబాయి పేరు కొట్టి తెర వైపు తిరిగాడు. ఆమె కన్ను ఆకుపచ్చగా ఉందని తెరను చూస్తూ ధ్రువీకరించాడు.

బుచ్చిరాములు డాక్టరు రాసిన కాగితం ముందు పెట్టాడు. కాగితాలు ఇప్పుడు తీసుకోవడం లేదని నాగరాజు నొచ్చుకుంటూ చెప్పాడు.

"సారూ," అంది తారాబాయి, మాట వచ్చిన వైపు ముఖం తిప్పి. "నేను మీ ముంగటనే ఉన్న గద. జర నా మొకం చూడుండ్రి. ఒక్కసారి."

నాగరాజు చూడలేదు. కావాలని కాదు, నిబంధన అలా ఉంది. "చూడటం ఇప్పుడు మా పని కాదమ్మా. అది సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పాం," అన్నాడు మెల్లగా. "మేం కూడా చూస్తే రెండు రకాల ఫలితాలు వస్తాయి. గందరగోళం. మీరు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి, జవాబు తప్పకుండా వస్తుంది."

తారాబాయి లేచి, కట్టు ఉన్న చేత్తో భర్త భుజం పట్టుకుంది. బయటికి పోతూ గడప తట్టుకుంటే బుచ్చిరాములు పట్టుకున్నాడు. నాగరాజు అది కూడా చూడలేదు.

పద్దెనిమిది పోయింది. ఇరవై రెండో తేదీన తారాబాయి ఎడమ కంటిలో నొప్పి లేచింది. ఒక రాత్రంతా ఉండి తగ్గింది. తగ్గాక, అంతకుముందు కనిపించిన మనిషి నీడ కనిపించడం మానేసింది. పొర లోపల పగిలిందని డాక్టరు చెప్పాడు. ఇంతకుముందే రావలసిందన్నాడు.  ఇప్పుడు రొట్టెలు బుచ్చిరాములే చేస్తున్నాడు. అవి గుండ్రంగా రావు.

నాగరాజు చెప్పినట్టే ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదుకు ఇరవై ఆరో తేదీన జవాబు వచ్చింది. మాట ఇచ్చినట్టే ఇచ్చారు, అందులో వంక పెట్టడానికి లేదు. తారాబాయి మంచం మీద కూర్చుని, "జర నిమ్మలంగ సదువు," అంది. బుచ్చిరాములు కళ్ళు తుడుచుకుని, ఆ నిర్మలమైన కళ్ళతోనే, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"శ్రీమతి తారాబాయి గారికి. మీ ఫిర్యాదును పరిశీలించి, పరిష్కరించి, ముగించడమైనది. మా రికార్డుల ప్రకారం మీ నమోదిత నేత్రం పూర్తి చూపుతో ఉన్నది. సదరు నేత్రం ప్రస్తుతం ఎవరి ముఖాన ఉన్నదన్న విషయం ఈ విభాగం పరిధిలోకి రాదు."